అందరూ తల ఊపారు, సగం మందికి రాలేదు: 40 నిమిషాల పీరియడ్‌లో నిజంగా నేర్పడం ఎలా

ఆరో తరగతికి దశాంశాలు చెప్పిన మొదటి ఏడాది నాకు బాగా గుర్తుంది. చెన్నైలో, పెరంబూరు దగ్గర ఒక బడి. క్లాసులో 42 మంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లిష్‌తో పెరుగుతున్న పిల్లలే ఎక్కువ. వారం రోజులు బోర్డు నిండా రాసి చెప్పాను. రెండు నిమిషాలకోసారి "అర్థమైందా?" అని అడిగాను. "అయింది మిస్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది. శుక్రవారం టెస్టు పెట్టి 0.45, 0.5లలో ఏది పెద్దది అని అడిగితే సగానికి పైగా 0.45 అని రాశారు.

ముందు బెంచీలో కూర్చునే అబ్బాయిని పిలిచి "ఎందుకు నాన్నా?" అన్నాను. "5 కంటే 45 పెద్దది కదా మిస్" అన్నాడు. తడబడలేదు, చాలా నమ్మకంగా అన్నాడు. వాడు సోమరి కాడు, వారం రోజులూ నా మాట శ్రద్ధగా విన్నవాడే. కానీ అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దది అనే నియమం వాడి మనసులో అప్పటికే గట్టిగా ఉంది. ఒకటో తరగతి నుంచి ఆ నియమం వాడిని ఒక్కసారి కూడా మోసం చేయలేదు. నేను చెప్పినదంతా దాని మీద నుంచి జారిపోయింది. ఆ నియమం అక్కడ ఉందని కూడా నాకు తెలియదు, ఎందుకంటే నేను వాడిని నోరు తెరిచి ఆలోచన చెప్పనివ్వలేదు.

అప్పటి నుంచి నా పీరియడ్‌ను ఒక్క పని చుట్టూ కట్టుకున్నాను: పిల్లల బుర్రలో ఏముందో, గంట కొట్టేలోపే బయటికి రప్పించి చూడటం. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకూ, ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లకూ ఆ పద్ధతిని మెట్టు మెట్టుగా చెబుతాను. నా ఉదాహరణలు లెక్కల నుంచి వస్తాయి. సైన్స్‌కైనా, భాషకైనా మెట్లు ఇవే.

మొదటి మెట్టు: ముందు రోజు రాత్రి ఒక వాక్యం, రెండు ప్రశ్నలు

లెసన్ ప్లాన్‌లో మనం సాధారణంగా "దశాంశాలు, పేజీ 84 నుంచి 87" అని రాస్తాం. అది నా పని గురించి చెబుతుంది, పిల్లల గురించి ఏమీ చెప్పదు. దాని బదులు, పీరియడ్ అయ్యేసరికి పిల్లలు ఏం చేసి చూపించగలగాలో ఒక్క వాక్యంలో రాయండి. "రెండు దశాంశాలు ఇస్తే ఏది పెద్దదో చెప్పి, ఎందుకో బొమ్మ గీసి చూపిస్తారు." ఇలా రాస్తే సగం పాఠం తనంతట తానే తేలిపోతుంది, ఏది వదిలేయాలో కూడా కనిపిస్తుంది.

తర్వాత, పిల్లలు ఎక్కడ పొరబడతారో ఊహించి ప్రశ్న తయారు చేయండి. నా ఉద్దేశంలో టీచరు పనిలో అన్నిటికంటే నైపుణ్యం కావలసింది ఇక్కడే. తప్పుగా ఆలోచించే పిల్లవాడికి కూడా సరైన జవాబు వచ్చేస్తే ఆ ప్రశ్న పనికిరాదు.

దశాంశాల దగ్గరే చూడండి. రెండు రకాల తప్పు ఆలోచనలు ఉంటాయి. ఒకటి, అంకెలు ఎక్కువుంటే పెద్దది అనుకోవడం. రెండోది దానికి పూర్తిగా తలకిందులు: నూరో వంతులు చిన్న ముక్కలు కాబట్టి, చుక్క తర్వాత రెండు అంకెలున్నది ఎప్పుడూ చిన్నదే అనుకోవడం. 0.45, 0.5 ఇస్తే మొదటి రకం పిల్లలు దొరికిపోతారు. రెండో రకం వాళ్లు మాత్రం 0.5 అని సరిగ్గా చెప్పేస్తారు, తప్పు దారిన వెళ్లి సరైన చోటికి చేరతారు. వాళ్లను పట్టుకోవాలంటే 0.75, 0.3 ఇవ్వాలి. అక్కడ వాళ్లు 0.3 పెద్దది అంటారు. ఈ రెండు జతలూ పక్కపక్కన పెడితే ఎవరి ఆలోచన ఎటు పోతోందో తెలిసిపోతుంది. మూడోదిగా 0.4, 0.40 ఇస్తే, రెండూ సమానమని ఎంతమందికి తెలుసో కూడా తేలుతుంది.

ఇలాంటి ప్రశ్నలు మొదట్లో తట్టవు. పాత టెస్ట్ పేపర్లు తిరగేయండి, పిల్లలు రాసిన తప్పులే మీకు ప్రశ్నలు ఇస్తాయి. నేను ఒక పొడవాటి నోటుబుక్కులో పాఠానికి ఒక పేజీ కేటాయించి తప్పులు మాత్రమే రాసుకుంటూ వచ్చాను. నాకు గైడ్ల కంటే అదే ఎక్కువ ఉపయోగపడింది.

రెండో మెట్టు: మొదటి ఐదు నిమిషాలు పుస్తకం మూసే ఉండాలి

క్లాసులోకి వెళ్లగానే "నిన్న ఏం చెప్పుకున్నామంటే" అని మనమే మొదలుపెట్టేస్తాం. అది పిల్లలు గుర్తు తెచ్చుకోవలసిన సమయం. దాన్ని మనం లాక్కోకూడదు.

బోర్డు మీద మూడు చిన్న ప్రశ్నలు రాయండి. ఒకటి నిన్నటి పాఠం నుంచి, ఒకటి పోయిన వారం నుంచి, ఒకటి పోయిన నెల నుంచి. పుస్తకం తెరవకూడదు, పక్కవాళ్లను అడగకూడదు, మార్కులు ఉండవు. మూడు నిమిషాలు రాయడానికి, రెండు నిమిషాలు జవాబులు చూసుకోవడానికి.

దీని వెనుక గట్టి ఆధారం ఉంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠతా పట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదట్లోనే వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మధ్యలో ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చదివితే ఎక్కువ నిలుస్తుందని కూడా అతను అప్పుడే గమనించాడు. ఇక 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు చేసిన ప్రయోగం ప్రతి టీచరూ తెలుసుకోవలసినది. కొందరు విద్యార్థులు ఒక చిన్న పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, ఆ తర్వాత చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే తారుమారైంది: గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది.

"చదివాను మిస్, అన్నీ వచ్చు" అని పరీక్ష ముందు రోజు చెప్పిన అమ్మాయి పరీక్షలో ఏడవడానికి కారణం ఇదే. ఆ పాప అబద్ధం చెప్పలేదు. మళ్లీ మళ్లీ చదివితే పేజీ కళ్లకు అలవాటవుతుంది. ఆ అలవాటునే పాఠం రావడం అనుకుంటారు.

చెన్నైలో మనకు ఇంకో కష్టం ఉంది. నవంబరు, డిసెంబరుల్లో వానలు పట్టుకుంటే బడికి వరసగా సెలవులు వస్తాయి, ఆ వెంటనే అర్ధ సంవత్సర పరీక్షలు. సెలవుల తర్వాత క్లాసు ఖాళీ కళ్లతో చూస్తుంది. మొదటి రెండేళ్లు నేను కంగారు పడి పాఠమంతా మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. మొదటి రోజు పీరియడంతా గుర్తు తెచ్చుకునే ప్రశ్నలే పెడతాను. కాస్త మరిచిపోయాక కష్టపడి లాగి తెచ్చుకున్నదే ఎక్కువ కాలం నిలుస్తుంది. సెలవులు అలా మనకే కలిసొస్తాయి.

ఇక్కడ ఒక మాట. కంఠతా పట్టడం అనగానే ముఖం చిట్లించే టీచర్లు ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. ఎక్కాలు నోటికి రావాలి. 7 ఎనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకునే పిల్లవాడికి భిన్నాల గురించి ఆలోచించడానికి బుర్రలో చోటు మిగలదు. అర్థం చేసుకుని కంఠతా పట్టించండి, రోజూ రెండు నిమిషాలు వల్లె వేయించండి.

మూడో మెట్టు: చేతికి ఇవ్వండి, తర్వాత గీయించండి, గుర్తులు చివర

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939 నవంబరులో మద్రాసు వచ్చి అడయారులో దివ్యజ్ఞాన సమాజం తోటలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 1940లో ఇటలీ కూడా యుద్ధంలోకి దిగడంతో 1946 వరకూ మన దేశంలోనే ఉండిపోయారు. ఆవిడ సామగ్రిలో నాకు నచ్చే సూత్రం ఒకటుంది: తప్పు చేస్తే ఆ వస్తువే పిల్లవాడికి చెప్పాలి. వేరు వేరు సైజుల చెక్క స్తంభాలను తప్పు గుంటల్లో పెడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది. టీచరు "తప్పు" అనాల్సిన అవసరం రాదు.

ఖరీదైన చెక్క సామగ్రి మనకు అక్కర్లేదు. దశాంశాలకు గ్రాఫ్ పేపరు చాలు. పది గళ్లు అడ్డం, పది గళ్లు నిలువు ఉన్న చతురస్రం ఒకటి గీయించండి. ఇది మొత్తం ఒకటి. ఒక నిలువు వరస పదో వంతు. ఒక గడి నూరో వంతు. ఇప్పుడు ఒక చతురస్రంలో 0.5, పక్క చతురస్రంలో 0.45 రంగు వేయమనండి.

ఒక పాప ఈ పని చేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. 0.45కు ఒక్కో గడీ లెక్కపెడుతూ పెన్సిల్‌తో రుద్దింది, నలభై ఐదు గళ్లు. 0.5కు వచ్చి ఐదు గళ్లు రుద్దింది. ఆగింది. పైన తనే రాసుకున్న "ఒక వరస = 0.1" అన్న మాట మీద వేలు పెట్టింది. ఐదు గళ్లు చెరిపేసి ఐదు వరసలు నింపడం మొదలుపెట్టింది. ఐదో వరస అయ్యాక పక్క చతురస్రం వైపు చూసి, "అయ్యో, ఇదే పెద్దది" అని తనలో తాను అనుకుంది. నేను ఒక్క మాట కూడా అనలేదు. ఆ "అయ్యో" కోసమే ఈ మెట్టు.

డబ్బుతో దశాంశాలు చెప్పడం మాత్రం జాగ్రత్తగా చేయండి. అందరం రూపాయలు పైసలతో మొదలుపెడతాం, సులువు కదా అని. కానీ 5.25ను పిల్లలు ఐదు రూపాయలు, ఇరవై ఐదు పైసలు అని రెండు వేరే సంఖ్యలుగా చదువుకుంటారు, చుక్క మధ్యలో గోడ. అందుకే 5.3 అంటే ఐదు రూపాయల మూడు పైసలు అంటారు. డబ్బును తర్వాత, చేసినది సరిచూసుకోవడానికి వాడండి. మొదట గ్రాఫ్ పేపరు, స్కేలు మీద సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు.

నాలుగో మెట్టు: చెప్పేది పది నిమిషాలు దాటకూడదు

చెప్పడం మానేయమని నేను అనడం లేదు. తెలియని విషయాన్ని పిల్లలే కనిపెట్టాలని వదిలేస్తే ఇద్దరు ముగ్గురు కనిపెడతారు, మిగతావాళ్లు వాళ్ల ముఖం చూస్తారు. కొత్త విషయం టీచరు స్పష్టంగా చెప్పాలి, ఒక లెక్క పూర్తిగా చేసి చూపించాలి. చేసిన లెక్కలు చూసి నేర్చుకోవడం కొత్తవాళ్లకు మేలని జాన్ స్వెల్లర్ అనే ఆస్ట్రేలియా ఆచార్యుడు 1980ల నుంచి ప్రయోగాలతో చూపించాడు. మనసు ఒకేసారి మోయగలిగే బరువు తక్కువ. లెక్కలో దారి వెతకడానికే ఆ బలమంతా అయిపోతే నేర్చుకోవడానికి మిగలదు.

బోర్డుకు ఎడమ పక్క పూర్తిగా చేసిన లెక్క ఉంచండి, చెరపకండి. కుడి పక్క అలాంటిదే సగం చేసి వదిలేయండి, చివరి రెండు వరసలు పిల్లలు పూర్తిచేస్తారు. ఆ తర్వాతి లెక్కలో మొదటి వరస మాత్రమే ఇవ్వండి. ఆ తర్వాత ఖాళీ.

ఐదో మెట్టు: ప్రశ్న, మౌనం, పలక

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి.

ప్రశ్న అడగ్గానే చేతులెత్తేది ఎవరు? ఎప్పుడూ ఆ ఐదారుగురే. వాళ్లలో ఒకరు సరిగ్గా చెప్పగానే మనం "వెరీ గుడ్" అని ముందుకు పోతాం. మిగతా ముప్పై ఆరు మంది గురించి మనకు తెలిసింది సున్నా. పైగా తొందర. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు సైన్స్ క్లాసులను రికార్డు చేసి వింటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగేలా నేర్పిస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, కారణాలు చెప్పడం మొదలైంది, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు! క్లాసులో నిలబడి ఆగి చూడండి, ఎంత పొడుగ్గా అనిపిస్తుందో. నేను మనసులో "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని మెల్లగా లెక్కపెట్టుకుంటాను.

మౌనం తర్వాత అందరూ జవాబివ్వాలి. దానికి పలకను మించిన సాధనం నాకు కనబడలేదు. అక్షరాభ్యాసం నాడు చేతికిచ్చిన ఆ పలకే, ఆరో తరగతికి కూడా. కొందరు "మేం చిన్నపిల్లలమా మిస్" అంటారు, రెండో రోజుకు మరిచిపోతారు. పలకలు దొరక్కపోతే తెల్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మార్కర్‌తో రాయించండి, గుడ్డతో తుడిస్తే పోతుంది.

పద్ధతి ఇలా:

1. ప్రశ్న బోర్డు మీద రాయండి, ఒకసారి చదవండి. ఎవరూ మాట్లాడకూడదు.
2. అందరూ రాసి పలకను ఒళ్లో బోర్లించుకోవాలి. ఒకరిది ఒకరు చూడకుండా.
3. "చూపించండి" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. ఒకేసారి అన్నది ముఖ్యం. ముందు వెనకలుగా ఎత్తితే వెనకవాళ్లు మార్చేసుకుంటారు.
4. ఎడమ నుంచి కుడికి నిదానంగా చూడండి. ముఖంలో ఏమీ కనిపించనివ్వకండి. మీరు చిరునవ్వు నవ్విన పలకే సరైనదని పిల్లలు క్షణంలో పసిగడతారు.
5. రెండు భిన్నమైన జవాబులు బోర్డు మీద రాయండి, ఎవరివో చెప్పకండి. "ఇలా రాసినవాళ్లు ఏమని ఆలోచించి ఉంటారు?" అని అడగండి.

ఆ ఐదో అంశమే అన్నిటికంటే విలువైనది. తప్పు జవాబుకు కూడా ఒక ఆలోచన ఉంటుందని, దాన్ని వెతకడం అవమానం కాదని క్లాసుకు అర్థమైతే, వెనక బెంచీలో తల దించుకుని కూర్చునే పిల్లలు కూడా పలక ఎత్తుతారు. ఎవరి తప్పునూ పేరుపెట్టి చూపించకండి, ఎవరైనా నవ్వితే అక్కడే ఆపండి. క్లాసులో ఒక్కసారి నవ్వులపాలైన పిల్లవాడు ఆ ఏడాదంతా పక్కవాడి పలక చూసి రాస్తాడు.

పలకలు చూశాక ఏం చేయాలి? దాదాపు అందరికీ వస్తే ముందుకు వెళ్లండి, రాని ఇద్దరినీ తర్వాత పక్కన కూర్చోబెట్టుకోండి. సగం సగం ఉంటే జంటలుగా మాట్లాడనివ్వండి, అది తర్వాతి మెట్టు. చాలామందికి రాకపోతే ఆగిపోండి. అదే మాటలతో గట్టిగా ఇంకోసారి చెబితే లాభం లేదు, గ్రాఫ్ పేపరు దగ్గరికి వెనక్కి వెళ్లండి.

ఆరో మెట్టు: పిల్లలే పిల్లలకు

ఈ ఊరికి దీనితో పాత బంధం ఉంది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాదిరి 1789లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్నాడు. అక్కడి ఉపాధ్యాయులు ఆయన చెప్పిన కొత్త పద్ధతులకు ఒప్పుకోలేదు. ఒక వీధి అరుగు బడిలో పిల్లలు ఇసుక మీద వేళ్లతో అక్షరాలు దిద్దడం ఆయన చూశాడు. దాన్నే తెచ్చి, చెప్పే పనిని ఒక ఎనిమిదేళ్ల పిల్లవాడికి అప్పగించాడు. పని జరిగింది. 1797లో లండన్‌లో దాని గురించి చిన్న పుస్తకం వేశాడు. 'మద్రాస్ పద్ధతి' పేరుతో అది ఇంగ్లండు బడుల్లోకి పాకింది. స్కాట్లండ్‌లో సెంట్ ఆండ్రూస్ ఊళ్లో 'మద్రాస్ కాలేజ్' పేరుతో ఒక హైస్కూలు ఇప్పటికీ ఉంది. మన అరుగుల మీద పంతుళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పని, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు దిద్దించడం, సముద్రం దాటి వెళ్లింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

కానీ అక్కడ ఆ పద్ధతి పెద్ద హాలులో వందల మందికి ఒకే టీచరుతో తక్కువ ఖర్చులో అప్పజెప్పించే యంత్రంలా మారింది. మనం తీసుకోవలసింది అది కాదు. జంటలో ఇద్దరూ ఆలోచించాలి.

నేను చేసేది చెబుతాను. పలకల మీద వేరు వేరు జవాబులు రాసిన ఇద్దరిని జత చేస్తాను. ఒక నిమిషం ఒకరు చెబుతారు, రెండోవారు ఊరికే వినాలి. తర్వాత నిమిషం రెండోవారు. అప్పుడు మళ్లీ అదే ప్రశ్నకు పలక. తర్వాత ఒకరిని లేపి "నువ్వేమన్నావు?" అని అడగను, "నీ స్నేహితురాలు ఏమంది?" అని అడుగుతాను. దాంతో వినడం తప్పనిసరి అవుతుంది. బాగా వచ్చిన పిల్లలను రోజూ చిన్న టీచర్లుగా వాడుకోకండి. వాళ్లకూ తలకు పనిపెట్టే లెక్క కావాలి.

ఏడో మెట్టు: ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలో రానివ్వండి

తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం మెల్లమెల్లగా తప్పనిసరి అవుతూ వచ్చింది. మన తెలుగిళ్ల పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తమిళం చదువుతారు, లెక్కలు ఇంగ్లిష్‌లో రాస్తారు. మూడు భాషల మధ్య పిల్లవాడు ఎక్కడ తప్పిపోతాడో టీచరుకు తెలియాలి.

టెన్స్, టెన్త్స్. పది, పదో వంతు. ఇంగ్లిష్‌లో ఆ రెండు మాటలూ చివరి చిన్న శబ్దంలోనే తేడా. ఫ్యాన్లు తిరుగుతున్న క్లాసులో, వెనక బెంచీలో కూర్చుంటే ఆ తేడా వినబడదు. అదే తెలుగులో 'పదో వంతు' అంటే ముక్కలు చేసి అందులో ఒకటి తీసుకున్నట్టు మాటలోనే ఉంది. తమిళంలో 'పత్తిల్ ఒణ్ణు' అన్నా అంతే, పదిలో ఒకటి. అందుకే నేను మొదటి రెండు రోజులూ ఇంటి భాషలోనే చెప్పిస్తాను, మూడో రోజు ఇంగ్లిష్ మాటను దాని పక్కన అతికిస్తాను. గోడ మీద చార్టులో మూడు వరసలు, మూడు భాషలు, పక్కన బొమ్మ.

చదివే తీరు కూడా. 0.45ను "పాయింట్ ఫార్టీఫైవ్" అనిపించకండి, "సున్నా పాయింట్ నలభై ఐదు" అని కూడా వద్దు. ఆ నలభై ఐదే కదా టెస్టులో ముందు బెంచీ అబ్బాయిని పట్టుకుంది. "పాయింట్ నాలుగు ఐదు" అనిపించండి, లేదా "నాలుగు పదో వంతులు, ఐదు నూరో వంతులు." ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ఇది చెప్పి పంపండి.

క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడులు ఉన్నాయని నాకు తెలుసు. జంటలుగా మాట్లాడుకునే ఆ రెండు నిమిషాలైనా ఆ నియమం పక్కన పెట్టమని హెచ్‌ఎంను అడగండి. ఆలోచన ఒక భాషలో పక్వమైతే దాన్ని రెండో భాషలోకి తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. పచ్చి ఆలోచన ఏ భాషలోనూ నిలవదు.

ఎనిమిదో మెట్టు: గంటకు ముందు చీటీ

చివరి నాలుగు నిమిషాలు పాఠం ఆపేయండి. అరచేయంత కాగితం మీద ఒక్క ప్రశ్న, పేరు, జవాబు, "ఎందుకంటే" అని ఒక వాక్యం. గుమ్మం దగ్గర నిలబడి తీసుకోండి.

ఈ చీటీలు దిద్దకండి. మూడు కుప్పలు చేయండి: వచ్చింది, కొంచెం తడబడింది, రాలేదు. 42 చీటీలకు పది నిమిషాలు పట్టవు. నేను సాయంత్రం పెరంబూరు స్టేషన్లో లోకల్ కోసం నిలబడి వేరు చేసుకుంటాను. రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో మూడో కుప్ప ఎత్తే చెబుతుంది.

నోటుబుక్కులు దిద్దేటప్పుడు కూడా ఇదే ఆలోచన. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, మార్కులు లేకుండా వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు బాగుపడ్డారు. మార్కు, వ్యాఖ్య రెండూ ఇస్తే ఆ మేలు కనిపించలేదు. పది లెక్కలకు పది టిక్కులు పెట్టే బదులు "ఈ మూడింటిలో ఒకటి తప్పు, ఏదో వెతుకు" అని రాసి ఇవ్వండి.

తొమ్మిదో మెట్టు: అందరూ ఒకే చోట లేనప్పుడు

ఆరో తరగతిలో మూడో తరగతి తీసివేతలు రాని పిల్లలు ఉంటారు. ఈ సమస్యకు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఒక జవాబు మొదలైంది, కృత్యాధార బోధన. పాఠాలను చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెనలా వరస కట్టి, ఎవరి మెట్టు మీద వాళ్లు ముందుకు వెళ్లే పద్ధతి. దాని మూలం మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ల పల్లె బడుల్లో ఉంది. కింద చాపలు, గోడల వెంట పిల్లల ఎత్తుకు నల్లబల్లలు. తర్వాత అది రాష్ట్రమంతా ప్రాథమిక బడులకు వెళ్లింది.

హైస్కూల్లో పోర్షన్ ముగించాల్సిన ఒత్తిడి మధ్య కార్డులన్నీ నడపడం నావల్ల కాలేదు. నిచ్చెన మాత్రం తెచ్చుకున్నాను. వారానికి ఒక పీరియడ్, సాధారణంగా శుక్రవారం, పుస్తకం పక్కన పెట్టి పిల్లలను వాళ్లకు వచ్చినదాన్ని బట్టి మూడు గుంపులు చేస్తాను. గుంపుల పేర్లు రంగులు, నెలకోసారి మారతాయి. నేను కూర్చునేది తీసివేతలు రాని గుంపులో. దీనివల్ల పోర్షన్ వెనకబడుతుందని భయపడ్డాను, వెనకబడలేదు. పునాది లేనివాళ్లకు అదే పాఠాన్ని మూడుసార్లు చెప్పే అవసరం తప్పి, ఆ సమయం మిగిలింది.

ఇంకో చిన్న సంగతి. "మా వాడు చూసి నేర్చుకునే రకం, వినే రకం కాదు" అని తల్లిదండ్రులు అంటుంటారు, కొన్ని శిక్షణల్లో మనకూ అలా చెప్పారు. ఆ రకాలను బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో పాష్లర్ బృందం పరిశోధనలన్నీ పరిశీలించి చెప్పింది. బొమ్మ, మాట, చేతి పని మూడూ అందరికీ ఇవ్వండి.

ఏది ముందు మొదలుపెట్టాలి

తొమ్మిదీ ఒకేసారి మొదలుపెడితే పది రోజుల్లో అలిసిపోతారు. సోమవారం నుంచి మొదటి ఐదు నిమిషాల ప్రశ్నలు, చివరి చీటీ, ఈ రెండే. రెండు వారాల తర్వాత పలకలు. ఎత్తడం, దించడం, తుడవడం క్లాసుకు అలవాటు కావడానికి నాలుగైదు పీరియడ్లు పోతాయి, గోల ఉంటుంది, ఓర్చుకోండి. నెల దాటాక జంటలు. శుక్రవారం గుంపులు కాలాండు (క్వార్టర్లీ) పరీక్షల తర్వాతే, అప్పటికి ఎవరు ఎక్కడున్నారో చీటీలు చెప్పి ఉంటాయి.

ప్రతి పాఠం అయిన మూడు వారాలకు, మొదటి రోజు అడిగిన ప్రశ్నలనే మళ్లీ ఇవ్వండి; దశాంశాలకైతే ఆ రెండు జతలు. 0.45, 0.5. 0.75, 0.3. పలకలు ఎత్తమనండి. తప్పు పలకలు ఇంకా ఉంటాయి. ఈసారి ఆ పలక ఎవరిదో, దాని వెనుక రెండు తప్పుల్లో ఏది ఉందో మీకు తెలిసి ఉంటుంది. ఆ పిల్లల పక్కన ఒక గ్రాఫ్ పేపరు పెట్టి కూర్చోండి.